కాగితం మీద కన్సల్టెంట్, కుర్చీలో ఉద్యోగి

కత్తిరించిన గుడ్డను దుకాణం యజమాని దర్జీ చేతికిస్తాడు. ఎలా కుట్టాలో చెబుతాడు. కుట్టింది నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమంటాడు. నెల జీతమంటూ లేదు, కుట్టినదాన్ని బట్టి కూలి. దర్జీ ఒక రోజు రాకపోతే సెలవు చీటీ ఇవ్వనక్కర్లేదు, ముందుగా చెప్పనక్కర్లేదు. పని లేకపోతే దుకాణం మూసేదాకా ఉండకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. యజమాని ఒప్పుకుంటే గుడ్డను ఇంటికి తీసుకెళ్లి కుట్టుకుని రావచ్చు. అయితే దుకాణం యజమానిది, అందులోని కుట్టుమిషన్లూ యజమానివే.

ఈ దర్జీ ఉద్యోగా, సొంతంగా పని చేసుకునే కాంట్రాక్టరా?

తెలంగాణ ప్రాంత దుకాణాలు, సంస్థల చట్టం కింద మొదలైన ఈ తగాదా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసుగా పేరుపడిన ఆ తీర్పు 1973లో వచ్చింది. దర్జీలు ఉద్యోగులేనని జస్టిస్ మాథ్యూ తేల్చారు. పనిముట్లు ఎవరివి, పని ఎక్కడ జరుగుతోంది, నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే అధికారం ఎవరిది అన్నవి చూశారు. హాజరు పట్టీ లేకపోవడం, కూలి లెక్కన డబ్బులివ్వడం ఆ దర్జీలను స్వతంత్రులను చేయలేకపోయాయి.

కుట్టుమిషన్ ఉన్నచోట కంపెనీ ల్యాప్‌టాప్‌ను పెట్టి చూడండి. ఈ రోజు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, డిజైన్ స్టూడియోల్లో, ఆసుపత్రుల్లో, కోచింగ్ సంస్థల్లో వేలమంది చేతికి వస్తున్న కాగితం మీద ‘కన్సల్టెంట్’ అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ‘ఇది యజమాని, ఉద్యోగి సంబంధం కాదు’ అనే వాక్యం ఉంటుంది. సంతకం పెట్టిన మర్నాటి నుంచి ఉదయం తొమ్మిదిన్నరకు లాగిన్ కావాలి, సెలవుకు మేనేజరు అనుమతి కావాలి, వేరే పని ఒప్పుకోకూడదు. కాగితం ఒకటి చెబుతోంది, రోజు గడిచే తీరు మరొకటి చెబుతోంది. చట్టం రెండోదాన్నే ఎక్కువగా నమ్ముతుంది. కంపెనీతో ఒప్పందం బేరానికి కూర్చునేవారు ముందుగా ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఉద్యోగమంటే మీ సమయాన్నీ శ్రమనూ ఒకరి అజమాయిషీ కింద పెట్టడం. సేవల ఒప్పందమంటే ఫలానా పని చేసిపెడతానని మాట ఇవ్వడం, ఎలా చేయాలన్నది మీరే చూసుకోవడం. ఈ రెంటినీ వేరుచేసే గీత మీద కోర్టులు డెబ్భై ఏళ్లుగా తీర్పులిస్తున్నాయి. సౌరాష్ట్రలో ఉప్పు మడుల్లో పనిచేసే అగరియాల కేసులో 1956లో సుప్రీంకోర్టు ఒక కొలబద్ద ఇచ్చింది: ఏ పని చేయాలో చెప్పడమే కాదు, ఆ పని ఏ తీరున చేయాలో చెప్పే అధికారం కూడా ఉందా? ఉంటే ఉద్యోగమే. అగరియాలు తమ కుటుంబాన్ని తోడు తెచ్చుకునేవారు, సొంత డబ్బుతో మనుషుల్ని పెట్టుకునేవారు. అయినా వారు కార్మికులేనని కోర్టు చెప్పింది. తర్వాతి తీర్పులు ఈ ఒక్క కొలబద్ద చాలదన్నాయి. ఎవరు నియమిస్తున్నారు, ఎవరు డబ్బిస్తున్నారు, ఎవరు తొలగించగలరు, పని ఎంతకాలంగా కొనసాగుతోంది, లాభనష్టాల భారం ఎవరిది అన్నవన్నీ కలిపి తూచాలన్నాయి. ఏ ఒక్క లక్షణాన్నో పట్టుకుని తేల్చేయడం కుదరదని 2020లో ఒక కంటి వైద్యుడి కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అక్కడ ఆ వైద్యుడు ఆసుపత్రి ఉద్యోగి కాదని తేలింది. దర్జీ ఉద్యోగి అని తేలింది, డాక్టరు ఉద్యోగి కాదని తేలింది. పేరును బట్టీ హోదాను బట్టీ కాక, పని జరిగే తీరును బట్టి వచ్చిన ఫలితాలివి.

ఇప్పుడు పన్ను సంగతికి వద్దాం. ‘కన్సల్టెంట్’ అనే మాటకు ఇంత గిరాకీ రావడానికి కారణం అక్కడే ఉంది.

ఉద్యోగి జీతం మీద కంపెనీ 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 192 కింద టీడీఎస్ కోస్తుంది. వృత్తి నిపుణుడికిచ్చే ఫీజు మీద 194జె కింద 10 శాతం, సాంకేతిక సేవలైతే 2 శాతం కోస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో ఇవి 392, 393 సెక్షన్లయ్యాయి. అందరి నోళ్లలో నానినవి పాత సంఖ్యలే కాబట్టి ఇక్కడ వాటినే వాడుతున్నాను. టీడీఎస్ అంటే పన్ను కాదు, పన్ను కింద ముందుగా పట్టి ఉంచిన సొమ్ము. అసలు తేడా రిటర్న్ దాఖలు చేసేటప్పుడు తెలుస్తుంది.

ఏడాదికి 18 లక్షలు వచ్చే ఇద్దరిని తీసుకుందాం. మొదటివారు ఉద్యోగి. కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకిచ్చే స్థిర తగ్గింపు (స్టాండర్డ్ డిడక్షన్) 75,000 పోగా 17,25,000 మీద 2025-26 శ్లాబుల ప్రకారం పన్ను 1,45,000, సెస్సుతో కలిపి 1,50,800 రూపాయలు. రెండోవారు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. సెక్షన్ 44ఏడీఏ కింద రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు. అంతకంటే ఎక్కువ మిగిలిందని తామే చెప్పుకుంటే ఆ ఎక్కువ మొత్తం. ఖాతా పుస్తకాలు రాయనక్కర్లేదు. సగమంటే 9 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి పన్ను సున్నా. కంపెనీ కోసిన 1,80,000 టీడీఎస్ మొత్తం వాపసు వస్తుంది.

లక్షన్నర తేడా! ఈ లెక్క చూపించే చాలామంది హెచ్‌ఆర్ వాళ్లు కొత్తవారిని ఒప్పిస్తారు. లెక్క తప్పు కాదు. అయితే 44ఏడీఏ అందరికీ కాదు. చట్టం పేర్కొన్న వృత్తులకే వర్తిస్తుంది: న్యాయవాదులు, వైద్యులు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, సాంకేతిక సలహాదారులు, ఇంటీరియర్ డెకరేటర్లు, ఆ తర్వాత చేర్చిన ఐటీ నిపుణులు, సినిమా కళాకారులు. సినిమా కళాకారులంటే నటులే కారు. పాటల రచయిత, కథా రచయిత, మాటల రచయిత, ఎడిటర్, దుస్తుల డిజైనర్ కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఫిల్మ్‌నగర్‌లో మాటలు రాసి బతికే యువకులకు ఇది ఎవరైనా చెబితే బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది. ఏడాది రాబడి 50 లక్షలు మించకూడదు, నగదు రూపంలో వచ్చింది 5 శాతం లోపే ఉంటే 75 లక్షల దాకా పర్వాలేదు.

అసలు షరతు వేరే ఉంది. అది జీతం కాకూడదు. మీ పని నిజానికి ఉద్యోగమేనని పన్ను అధికారి తేలిస్తే 44ఏడీఏ మొత్తంగా జారిపోతుంది. తేడా పన్ను కట్టాలి, దాని మీద వడ్డీ కట్టాలి. ఆదాయాన్ని తక్కువ చూపినందుకు ఆ పన్నులో 50 శాతం, తప్పుడు వివరాలిచ్చారని తేలితే 200 శాతం జరిమానా పడుతుంది. కంపెనీకీ చిక్కే. కోయవలసిన టీడీఎస్ కోయలేదని సెక్షన్ 201 కింద నోటీసు వస్తుంది, నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది.

ఇలాంటి పేచీలు ఆసుపత్రుల విషయంలో చాలా వచ్చాయి. డాక్టర్లకు 194జె కింద కోసింది చాలదు, జీతంగా లెక్కగట్టి కోయాల్సిందని పన్ను శాఖ పట్టుబట్టేది. పుణెలోని ఒక ఆసుపత్రి కేసులో 2015లో బొంబాయి హైకోర్టు డాక్టర్లందరినీ ఒకే గాటన కట్టడానికి ఒప్పుకోలేదు. నెలకు ఇంత అని స్థిరమైన మొత్తం ఇచ్చినా, ఫలానా వేళకు రావాలన్నా, అంతమాత్రాన ఉద్యోగమైపోదంది. ఒప్పందంలోని నిబంధనలన్నీ కలిపి చదవాలంది. ఒప్పందంలో మాటలకు విలువ లేదనుకోకూడదని చెప్పడానికే ఈ కేసు ప్రస్తావిస్తున్నాను. నిజంగా స్వతంత్రంగా పనిచేసేవారికి ఆ స్వతంత్రతను కాగితం మీదికి ఎక్కించడం అవసరం. పని వేళలు మీవి, పరికరాలు మీవి, ఇతర క్లయింట్లతో పనిచేసే హక్కు ఉంది, అవసరమైతే మరొకరి చేత చేయించే వీలుంది, డబ్బు పని పూర్తయిన మేరకు వస్తుంది, లోపాలుంటే సొంత ఖర్చుతో సరిచేస్తారు. ఇవి ఒప్పందంలో ఉండాలి, ఆచరణలోనూ ఉండాలి. కంపెనీ వీటిలో దేనికీ ఒప్పుకోకపోతే, వాళ్లకు కావలసింది ఉద్యోగి అని వాళ్లే చెప్పినట్టు.

పన్ను మిగులుతుందన్న మాట పెద్ద ఆదాయాల వారికే. ఈ విషయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది నెలకు 20,000 తీసుకునేవారి పరిస్థితి. ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పే అమ్మాయి, డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్, పత్రికకు పేజీలు దిద్దే కుర్రాడు కూడా ఈ మధ్య ‘కన్సల్టెంట్లే’. వారి లెక్క దగ్గరగా చూడండి. ఉద్యోగిగా ఉంటే, పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద లెక్కిస్తే, వారి వాటా 1,800, ఈఎస్‌ఐకి 150. వృత్తి పన్ను పక్కన పెడితే చేతికి 18,050 వస్తుంది. కన్సల్టెంట్‌గా 10 శాతం టీడీఎస్ పోగా చేతికి వచ్చేది 18,000. నెలాఖరున చేతిలో పడేది దాదాపు ఒకటే. కానీ ఉద్యోగి పేరున పీఎఫ్, పింఛను నిధుల్లో యజమాని వాటాతో కలిపి నెలకు 3,600, ఏడాదికి 43,200 జమవుతుంది. యజమాని ఈఎస్‌ఐకి మరో 650 కడతాడు. దాంతో ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. కన్సల్టెంట్‌కు ఇవేవీ లేవు. కోసిన 24,000 వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాలి. ఏడాదికి 2,40,000 ఆదాయం మీద రూపాయి పన్ను లేదు కాబట్టి అది పూర్తిగా వాపసు వచ్చే సొమ్మే. ‘మనకు పన్ను పడదు కదా, రిటర్న్ ఎందుకు’ అనుకుని దాన్ని వదిలేసుకుంటున్నవారు ఎందరో. పన్ను జమల పట్టిక అయిన ఫారం 26ఏఎస్‌లో తమ పాన్ కింద ఎంత జమైందో ఒక్కసారి చూసుకుంటే తెలిసిపోతుంది.

ఈ స్థాయిలో బేరం చేయవలసింది రేటు గురించి కాదు, ఉద్యోగంగా రాయమని. ఏడాది పనే ఉందని యజమాని అంటే నిర్ణీత కాల ఉద్యోగం అడగవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం నిర్ణీత కాల ఉద్యోగికి ఐదేళ్లు నిండకపోయినా, ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది. ‘మీ అవసరం తాత్కాలికమే అయితే తాత్కాలిక ఉద్యోగంగా ఇవ్వండి’ అనే మాటలో తప్పేమీ లేదు.

నిజంగా ఫ్రీలాన్సింగ్ చేయదలచినవారికి మాత్రం రేటే మొదటి బేరం. ‘మీ పాత జీతమే ఇస్తాం’ అన్న మాటకు తలూపడం నేను చూసిన వాటిలో మొట్టమొదటి పొరపాటు. ఏడాదిలో శని, ఆదివారాలు పోగా 261 రోజులు. ఉద్యోగికి వీటన్నిటికీ జీతం వస్తుంది. ఫ్రీలాన్సర్‌కు పండగలు 10, సొంత సెలవులు 18, జ్వరానికి 6 తీసేయండి. ఒక పని ముగిసి మరొకటి దొరికేలోపు ఒక నెల, అంటే 22 పనిరోజులు ఖాళీగా పోతాయనుకోండి. మిగిలేది 205. అదే రాబడి రావాలంటే రోజు రేటు 27 శాతం పెరగాలి. ఆరోగ్య బీమా, ల్యాప్‌టాప్, ఆడిటర్ ఫీజు కలిపితే మూడో వంతు ఎక్కువ అడగడం అత్యాశ కాదు. ప్రసవానికి 26 వారాల జీతంతో సెలవు ఉద్యోగినికి చట్టం ఇచ్చిన హక్కు. ఆ హక్కు వదులుకుంటున్న మహిళలు ఆ విలువనూ రేటులో కలుపుకోవాలి.

రేటు కుదిరాక దాని పక్కన ఏ మాట ఉందో చూడాలి. ‘అన్ని పన్నులతో కలిపి’ అన్న మూడు మాటలు లక్షలు మింగేస్తాయి. సేవలు అందించేవారి రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. నెలకు 2 లక్షలంటే 24 లక్షలు, గీత దాటినట్టే. ఒప్పందంలో పన్నులతో కలిపి అని ఉంటే ఆ 24 లక్షల్లోంచే 18 శాతం జీఎస్టీ తీయాలి. లెక్కగడితే 3,66,102 ప్రభుత్వానికి పోయి మీకు మిగిలేది 20,33,898. ‘జీఎస్టీ అదనం’ అని రాయించుకుంటే కంపెనీ 4,32,000 వేరుగా ఇస్తుంది, మీ 24 లక్షలు మీకుంటాయి. చాలా కంపెనీలు ఆ జీఎస్టీని తమ పన్నులో సర్దుబాటు చేసుకోగలవు కాబట్టి వాటికి బరువు కాదు. బిల్లులో జీఎస్టీని విడిగా చూపిస్తే టీడీఎస్ కూడా ఫీజు మీదే కోస్తారు, జీఎస్టీ మీద కోయరు. విదేశీ క్లయింటుకు చేసిన పనికి విదేశీ మారకంలో డబ్బు వస్తే అది ఎగుమతి. అండర్‌టేకింగ్ (హామీ పత్రం) దాఖలు చేసి జీఎస్టీ లేకుండా బిల్లు వేయవచ్చు. 20 లక్షల లెక్కలో మాత్రం ఆ రాబడి కూడా కలుస్తుంది. అది చూసుకోక ఇబ్బంది పడేవారున్నారు.

ముందస్తు పన్ను గురించి రెండు మాటలు చాలు. 44ఏడీఏ ఎంచుకున్నవారు మార్చి 15లోగా మొత్తం కట్టేయాలి. మిగతావారికి జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15వ తేదీల్లో నాలుగు వాయిదాలు.

ఒప్పందంలో అందరూ కళ్లు మూసుకుని దాటే పేజీ ఒకటుంటుంది: కాపీరైటు. ఫ్రీలాన్సర్ చేతిలో ఉన్న బలమైన పట్టు ఇదే. 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగి విధుల్లో భాగంగా రాసిన కోడ్‌కు, గీసిన బొమ్మకు, రాసిన మాటకు మొదటి యజమాని కంపెనీ. స్వతంత్రుడు రాసిన కోడ్‌కు మొదటి యజమాని అతనే. డబ్బు తీసుకుని తీసిన ఫొటోలు, వేసిన చిత్రాలు, సినిమా వంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది. మిగతావాటి హక్కు కంపెనీకి పోవాలంటే రాతపూర్వకంగా బదిలీ చేయాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి కంపెనీ లాయర్లు ‘సృష్టించిన క్షణం నుంచే హక్కులన్నీ కంపెనీవి’ అని రాస్తారు. దాన్ని ‘పూర్తి చెల్లింపు అందిన తర్వాత హక్కులు బదిలీ అవుతాయి’ అని మార్చమని అడగండి. ఒక్క వాక్యమే. కానీ ఆఖరి బిల్లు ఆరు నెలలు నానినప్పుడు మీ చేతిలో మిగిలే ఆయుధం అదే.

పోటీ సంస్థలకు రెండేళ్లు పనిచేయరాదన్న నిబంధన చూసి జడిసిపోనక్కర్లేదు. ఒప్పందం ముగిశాక కూడా బతుకుతెరువును ఆపే షరతు 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం చెల్లదు. ఒప్పందం నడుస్తుండగా వేరెవరికీ పనిచేయరాదంటే మాత్రం అది వేరే సంగతి. ఆ షరతు మీ స్వతంత్రతకే దెబ్బ, పైన చెప్పిన పన్ను చిక్కుకు అదే మొదటి మెట్టు. నష్టపరిహారం నిబంధనలో హద్దు లేకపోతే సంతకం పెట్టవద్దు. 3 లక్షల పనికి 3 కోట్ల దావాకు బాధ్యులవుతామని ఒప్పుకోవడం తగదు. మీ బాధ్యత ఆ పనికి అందిన ఫీజును మించదని రాయించాలి.

ఇక బకాయిలు. పని అప్పగించి బిల్లు పంపితే ‘ఫైనాన్స్ టీమ్ చూస్తోంది’ అన్న జవాబుతో మూడు నెలలు గడిచిపోవడం ఫ్రీలాన్సర్లందరికీ అనుభవమే. దీనికి చట్టంలో మందు ఉంది, వాడేవారే తక్కువ. చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే ఒంటరి ఫ్రీలాన్సర్ కూడా సూక్ష్మ సంస్థే. అప్పుడు 2006 సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) చట్టం వర్తిస్తుంది. రాతపూర్వక గడువు లేకపోతే 15 రోజులు, ఉంటే ఎంత రాసుకున్నా 45 రోజులకు మించి ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు నోటిఫై చేసే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఈ బకాయిల తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

2023-24 నుంచి దీనికి పన్ను చట్టమూ తోడైంది. 43బి(హెచ్) ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని బిల్లును కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేదు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. అంటే మార్చి 31 నాటికి గడువు దాటిన మీ లక్ష రూపాయల బిల్లు అలాగే ఉంటే, కంపెనీ ఆ లక్ష మీద అదనంగా పన్ను కట్టాలి. అందుకే ఉద్యమ్ నమోదు సంఖ్యను ఒప్పందం మొదటి పేజీలోనూ ప్రతి బిల్లు పైనా కనిపించేలా వేయండి. మార్చి మొదటి వారంలో బాకీల జాబితాను కంపెనీ అకౌంట్స్ విభాగానికి పంపి, ఏ బిల్లుకు ఏ తేదీతో గడువు ముగిసిందో పక్కనే రాయండి.